అఖిల గిలాస

నిమ్మకాయను కోసే ముందు అరచేత్తో బండమీద దొర్లించాలి. ఈ సంగతి రమకు హుజూర్‌నగర్‌లో పుట్టింట్లో ఎవరూ చెప్పలేదు. అక్కడ నిమ్మకాయను కోసేవాళ్లు, పిండేవాళ్లు, తాగేవాళ్లు, అంతే. గట్టుప్పల్‌లో అత్తగారింటికి వచ్చాకే నిమ్మకాయ నీళ్లకు ఇంత శాస్త్రం ఉందని తెలిసింది. దొర్లించాక అడ్డంగా కోయాలి. గింజ నలగకూడదు. తొక్కను మరీ గట్టిగా పిండితే చేదు దిగుతుంది. చక్కెర ముందు రసంలో కరగాలి, నీళ్లు ఆ తర్వాత. నీళ్లు కూడా ఫ్రిజ్జువి కావు, మట్టి రంజన్‌లోవి.

ఈ శాస్త్రమంతా అఖిలది. అఖిల నరహరి మొదటి భార్య. విషజ్వరంతో పోయింది. రమ రెండో భార్య. బీ.ఏ. పాసైంది గానీ నిమ్మకాయ నీళ్లలో ఇంకా పాసు కాలేదు.

కలిపిన నీళ్లలోంచి మొదట నిండేది ఒక స్టీలు గిలాస. దానిమీద అఖిల పేరు చుక్కలు చుక్కలుగా చెక్కి ఉంటుంది. రమ దాన్ని తీసుకెళ్లి మగ్గం అర్రలో అఖిల ఫొటో కింద గూట్లో పెడుతుంది. రెండో పెండ్లికి వచ్చిన పిల్ల మొదటామెను మరవకూడదని, పుస్తెలతోపాటు ఆమె పేరున వెండి బిళ్ల ఒకటి మెడలో వేసుకోవడం, కొత్త చీరైనా పండుగ బువ్వైనా ముందు ఆమెకు పెట్టి తర్వాత తాను ముట్టుకోవడం వాళ్లలో ఆనవాయితీ. అత్త లక్ష్మీనర్సమ్మ ఆ ఆనవాయితీని నిమ్మకాయ నీళ్ల దాకా సాగదీసింది. రమ మొదట్లో నవ్వుకుంది. బతికున్న సవతైతే అంట్లు తోమడానికి వంతుకైనా వస్తుంది, ఈమె పనికి రాదు, తాగడానికి మాత్రం ముందుంటుంది అనుకుంది.

ఆ మే నెల మధ్యాహ్నం కూడా అలాగే గూట్లో గిలాస పెట్టి, తర్వాత మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకు కూర్చున్న నరహరికి ఒకటి, చరఖా ముందు నూలు కండెలు చుడుతున్న అత్తకు ఒకటి ఇచ్చింది. అత్తకు షుగరు. కిందటి ఏడాది కాలి బొటనవేలికి పుండు పడి, వేలు తీసేయాల్సి వస్తుందేమోనన్నంత దాకా పోయింది. అఖిల ఉన్నప్పటినుంచే ఆమెది ఉప్పు గిలాస.

"ఎట్లున్నయత్తమ్మా?"

లక్ష్మీనర్సమ్మ ఒక గుటక వేసి, కషాయం మింగినట్టు మొహం పెట్టింది. "ఎట్లుంటయి? ఉన్నయి. అఖిల చేస్తే ఉప్పుది గూడ తియ్యగుండేది."

"ఉప్పు తియ్యగెట్లుంటదవ్వా?" అన్నాడు నరహరి మగ్గం మీద నూలు నాడె విసురుతూ.

"చేతిల ఉంటది రా. అందరి చేతులు ఒక్కతీరుంటయా?"

రమ తన చేతుల వంక చూసుకుని ఖాళీ గిలాసలు పట్టుకుని లోపలికి పోయింది.

బువ్వలు తిన్నాక ఊరంతా పడుకుంటుంది. మగ్గాల చప్పుడు ఒక్కో ఇంట్లో ఆగిపోయి, వీధిలో వడగాలి ఒక్కటే తిరుగుతుంది. రమ కునుకు తీసి లేచి, గూట్లో గిలాస తీయబోయి ఆగిపోయింది. గిలాస ఖాళీ. అడుగున ఒక నిమ్మగింజ అంటుకుని ఉంది.

అంతవరకు ఆ నీళ్లు సాయంత్రం దాకా అలాగే ఉండేవి. వాటిని ఆమె తులసిచెట్టుకు పోసేది.

"పిల్లి తాగినట్టున్నది," అంది గట్టిగా, తనకు తానే ధైర్యం చెప్పుకుంటూ.

ఆసు పోసిన నూలు ఇవ్వడానికి అప్పుడే వచ్చిన పక్కింటి బీరమ్మ గిలాసను చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. "పిల్లి తాగితే గిలాస బోర్ల పడదా? పిల్లి నిమ్మకాయ నీళ్లెందుకు తాగుతదే? నోరు పులిసి సస్తది." తర్వాత గొంతు తగ్గించింది. "లక్ష్మీనర్సమ్మా, అఖిలే. అఖిలొచ్చి తాగింది."

లక్ష్మీనర్సమ్మ చరఖా మీది చెయ్యి తీయకుండా, "ఏమో మరి," అంది.

ఆ మాట విన్నది బీరమ్మ ఒక్కతే కాదు. తలుపు దగ్గర నిలబడి జామకాయ కొరుకుతున్న సింధూజ, అఖిల కూతురు, నోట్లో ముక్క నమలడం ఆపేసింది.

మర్నాడు కూడా గిలాస ఖాళీ అయింది. ఆ మర్నాడూ అంతే. రమ రోజూ తలుపు గడియలు చూసింది, కిటికీ ఊచలు చూసింది. గిలాస పెట్టినచోటే ఉండేది. నీళ్లు మాత్రం ఉండేవి కావు.

వంటింట్లో ఒంటరిగా ఉంటే వెనక ఎవరో నిలబడ్డట్టు ఉండేది. కత్తి నిలువుగా పెట్టబోతే చెయ్యి దానంతటదే అడ్డం తిరిగేది. తొక్కను రెండోసారి నొక్కబోతే, వద్దని ఎవరో మణికట్టు పట్టుకున్నట్టు వేళ్లు సడలేవి. చెమట పట్టిన మెడ మీద అన్నీ వేడిగానే ఉన్నా ఆ వెండి బిళ్ల ఒక్కటి చల్లగా తగిలేది. చదువుకున్నదాన్ని, ఇట్లాంటివి నమ్మకూడదు అని ఆమె తనకు తాను చెప్పుకుంది. చెప్పుకుంటూనే చక్కెర ఇంకో చెంచా వేసింది. ఎవరు తాగుతున్నారో తెలియనప్పుడు పిసినారితనం మంచిది కాదు.

సింధూజ మధ్యాహ్నం పడుకోవడం మానేసింది. తల దువ్వించుకునేది, రిబ్బను కట్టించుకునేది. ఈ మధ్యనే ఆ పిల్ల రమ చేత జడ వేయించుకోవడం మొదలుపెట్టింది. అంతకుముందు దువ్వెన లాక్కుని నాయనమ్మ దగ్గరికి పరుగెత్తేది. జడ దొరికిన రోజున రమ ఎవరికీ చెప్పుకోలేదు గానీ, ఆ పూట కూరలో రెండుసార్లు ఉప్పేసింది.

"గట్టిగ కట్టు చిన్నమ్మా. అమ్మకు సూపియ్యాలె."

"సరే."

"అమ్మ వస్తే నువ్వేడికి పోతవ్?"

రమ రిబ్బను ముడి వేసి, విప్పి, మళ్లీ వేసింది. "వంటింట్లకు. వచ్చినామెకు చాయ్ పెట్టాలె గద."

పిల్ల ఆలోచించి తల ఊపింది. ఏర్పాటు నచ్చినట్టే ఉంది.

వచ్చేవాళ్లు వీధిలోంచే కదా వస్తారని సింధూజ బయట అరుగుమీద కూర్చునేది. పెద్దవాళ్లు నిద్రలో ఉండగా ఆ ఎండలో, ఆ వడగాలిలో అలా ఎంతసేపు కూర్చుందో ఎవరూ చూడలేదు. ఒకరోజు లేచేసరికి పిల్ల అరుగుమీద పక్కకు ఒరిగిపోయి ఉంది. ఒళ్లు పెనంలా కాలుతోంది. తడిగుడ్డలు వేశారు, దవాఖానకు తీసుకెళ్లి సెలైన్ పెట్టించారు. సూది గుచ్చిన చేతిని రమ ఒడిలో పెట్టుకుని కూర్చుంటే, పిల్ల కండ్లు మూసుకుని, "అమ్మా, ఇటు... మనిల్లు ఇటు," అంటూ ఎవరికో దారి చెప్పింది.

జ్వరం మర్నాటికే తగ్గింది. కానీ ఆ మాట ఊళ్లో తగ్గలేదు.

"తల్లి ఊకె వస్తలేదు," అంది బీరమ్మ. "పిల్ల కోసం వస్తాంది. తోల్కపోతది. జాగా మార్చున్రి."

ఆ మాట కోస్గిలో ఉన్న అఖిల తల్లి భద్రమ్మ చెవిన పడడానికి ఒక్క ఫోను చాలింది. భద్రమ్మ నరహరికి ఫోన్ చేసింది. స్పీకరులో ఆమె గొంతు మగ్గం అర్రంతా నిండింది.

"అల్లుడా, నేనొస్తున్న. పిల్లను తీస్కపోత. జూన్‌ల ఈడనే బడిల ఏస్త, టీసీ తీసి పెట్టు. నా బిడ్డ పోయింది. బిడ్డ బిడ్డను గూడ పోనియ్య."

నరహరి నాడెను చేతిలో అటూ ఇటూ తిప్పాడు. "సరే అత్తమ్మా," అన్నాడు.

ఫోను పెట్టాక రమ అడిగింది. "బడి గూడ ఆడనేనంటే మల్ల రాదు గద?"

"ఏం చెయ్యమంటవ్? ఏమన్నయితే నన్నడుగుతరు, నిన్నడుగుతరు. రెండో ఆమె సరిగ సూడలేదంటరు."

"అనని. నేను పడ్త."

అతను గుంటలో మగ్గం పలక తొక్కాడు. రమ వంటింట్లోకి పోయి కావలసినదానికంటే ఎక్కువ నిమ్మకాయలు దొర్లించింది. పెండ్లయి వచ్చేటప్పుడే ఈ ఇంట్లో తనది అంటూ ఏదీ ఉండదని ఆమెకు తెలుసు. గిన్నెలమీద పేరు కూడా తనది కాదు. జడ ఒక్కటి తనదైంది. అది కూడా పోతోంది.

ఆ మధ్యాహ్నం ఆమె పడుకోలేదు. పడుకున్నట్టు చాపమీద ఒరిగి, కొంగు మొహంమీదికి లాక్కుని, పలచటి గుడ్డలోంచి మగ్గం అర్ర వైపు చూస్తూ ఉంది. వచ్చేది అఖిలే అయితే కాళ్లమీద పడి, పిల్లను విడిచిపెట్టమని అడగాలని నిశ్చయించుకుంది. వీధిలో ఏదో రేకు గాలికి కొట్టుకుంది. తర్వాత అర్రలో అడుగుల చప్పుడు.

దయ్యం కుంటుతోంది. గోడ పట్టుకుని, "రామా, రామా," అని మోకాళ్లను ఓదార్చుకుంటూ గూటి దగ్గరికి వచ్చింది. కొంగుతో చెయ్యి తుడుచుకుని గిలాస తీసుకుంది. గబగబ తాగలేదు. ఒక్కో గుటక నోట్లో ఆపుకుని, ఫొటో వంక చూస్తూ తాగింది. చివరి చుక్క కోసం తల వెనక్కి వంచింది. గిలాసను ఉన్నచోటే, పేరు ముందుకు కనబడేలా పెట్టింది.

కొంగు కింద రమకు ముందు నవ్వొచ్చింది. ఆ వెంటనే మండిపోయింది. ఈ ముసలామె నాలిక కోసం ఒక దయ్యం పుట్టింది, దయ్యం కోసం పిల్ల ఎండలో కూర్చుంది, పిల్ల కోసం కోస్గి నుంచి బస్సు బయల్దేరుతోంది. లేచి అందరిముందు పట్టుకుంటే ఒక్క నిమిషంలో తేలిపోతుంది. కాని లేవలేదు. ఆ తాగడంలో దొంగతనం కనబడలేదు. ఇంకేదో కనబడింది. అదేంటో తెలియక పడుకునే ఉండిపోయింది.

మర్నాడు అఖిల గిలాసలో చక్కెర వేయలేదు. ఉప్పేసింది.

సాయంత్రం చూస్తే గిలాస ముప్పావు నిండుగా ఉంది. దాన్ని పట్టుకుని వంటింట్లోకి వచ్చి, వెల్లుల్లి ఒలుస్తున్న అత్తముందు కూర్చుంది.

"అత్తమ్మా, ఇయ్యాల అక్క తాగలేదేందో మరి?"

"ఎట్ల తాగుతది? ఉప్పేస్తివి గద!"

అన్నాక లక్ష్మీనర్సమ్మ చేతిలో వెల్లుల్లి రెబ్బ ఆగిపోయింది. ఇద్దరూ దాని వంకే చూస్తూ కూర్చున్నారు. పొయ్యిమీద పప్పు పొంగి మంట చుయ్‌మంది. రమ లేచి మూత తీసి వచ్చి కూర్చుంది.

"నరహరికి చెప్పకు," అంది ముసలామె చివరికి, చాలా చిన్నగా.

"కాలు సంగతి యాద్ లేదా అత్తమ్మా?"

"కాలు యాదుంది. కాలు కన్న ముందు అది యాదుంది." వెల్లుల్లి పొట్టును వేలితో ఒక కుప్పగా చేసింది. "నాకు దినాం ఉప్పుదే ఇచ్చేది అఖిల, వాని ముంగట. ఉప్పుదేనా అని వాడడుగుతుండె. ఆ, ఉప్పుదే అని అది అంటుండె. అండ్ల ఇంత ఉప్పు, ఇంత చక్కెర. ఒక్క చెంచ, అంతే. నా దిక్కు సూడకనే నవ్వుకుంట పోయేది. అది పోయినంక నాకెవ్వరు దొంగతనంగ ఏదియ్యలే. నువ్విచ్చేది ఉత్త ఉప్పే."

రమ ఒలిచిన రెబ్బలను గిన్నెలో వేసింది.

"ఆ గిలాస పట్టుకుంటే దాని చేతిదే తాగినట్టున్నది పిల్లా. మొదటి దినం బీరమ్మ అఖిలొచ్చిందన్నది. కాదు నేనే అందామంటే నోరు రాలే. అనుకోనీ అనుకున్న. అనుకుంటుంటే నాకు గూడ వచ్చినట్టే అనిపిచ్చింది."

"మరి సింధూజ పోతాంది గదత్తమ్మా."

"నేను చెప్తే అఖిల ఇంగ రానట్టే గద."

"అఖిలక్క ఎట్లయినా రాదు. సింధూజ ఉన్నది."

లక్ష్మీనర్సమ్మ ఇంకో వెల్లుల్లిపాయ అందుకుంది. రమ ఇంకేం అడగలేదు. నరహరికి చెప్పలేదు కూడా. ఎందుకు చెప్పలేదని తర్వాత తనను తాను అడుగుతూ ఆ రాత్రంతా తిట్టుకుంది.

భద్రమ్మ తెల్లవారకముందే కోస్గిలో బస్సెక్కి, పట్నంలో మారి, మండే ఎండలో వచ్చింది. కాళ్లు కడుక్కోమని రమ చెంబు ఇస్తే పక్కన పెట్టి, నేరుగా మగ్గం అర్రలోకి పోయి ఫొటో ముందు నిలబడింది. అప్పుడే పెట్టిన గిలాస గూట్లో ఉంది. ఈసారి రమ చక్కెరే వేసింది. ఆ తల్లి ముందు ఉప్పు వేయడానికి చెయ్యి రాలేదు.

"ఇదేనా?"

"అవునమ్మా," అంది రమ.

"తెల్లారంగనే తీస్కపోత పిల్లను. గని ఇయ్యాల నేనీడ కూసుంట. నాకు గూడ ఒక్కసారి సూడాలని ఉండదా?"

అందరికీ నిమ్మకాయ నీళ్లు ఇచ్చింది రమ. భద్రమ్మ తన గిలాస ముట్టలేదు. గూటికి ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చుంది. నరహరి మగ్గం ఆపేశాడు. సింధూజ బట్టలు కుక్కిన బడి సంచి భుజాన వేసుకుని గడప మీద నిలబడింది. సంచి దించమని చెప్పినా దించలేదు, పోతానని గానీ పోనని గానీ అనలేదు. లక్ష్మీనర్సమ్మ ఒక్కతే చరఖా తిప్పుతోంది. నూలు తెగుతోంది. ముడి వేస్తోంది. మళ్లీ తెగుతోంది.

చీమ ఒకటి గిలాస అంచుమీద చుట్టూ తిరిగింది.

"అఖిలా," అంది భద్రమ్మ ఫొటోతో, పక్కింటి మనిషితో మాట్లాడినట్టు. "ఎండల వచ్చిన బిడ్డా. మీ నాయినకు చెప్పకుంట వచ్చిన, చెప్తే ఆయిన గూడ వస్తనంటడు, దమ్ము జబ్బుతోని బస్సెక్కలేడు. ఒక్క గుటుక తాగు. నేను సూస్త. సూసి పోత."

చరఖా ఆగింది.

లక్ష్మీనర్సమ్మ నేలమీద చెయ్యి ఊనుకుని లేచింది. గోడ పట్టుకుని గూటిదాకా నడిచింది. గిలాస తీసుకుని, అందరూ చూస్తుండగా, మధ్యలో ఊపిరి తీసుకోకుండా మొత్తం తాగేసింది.

"అవ్వా!" అని గుంటలోంచి లేచాడు నరహరి. "అండ్ల చక్కెరున్నది!"

"ఉన్నదనే తాగిన." కొంగుతో మూతి తుడుచుకుంది. "వదినా, దినాం తాగేది నేనే. అఖిల గాదు. పిల్లకు జరమొచ్చింది గూడ నా వల్లనే. ఏమన్న అనాలంటే నన్నను. కొట్టాలంటే కొట్టు."

రమ సింధూజ మొహం చూసింది. సింధూజ నాయనమ్మ చేతిలోని ఖాళీ గిలాస చూస్తోంది. నరహరి ఏదో అనబోయి, భద్రమ్మ వంక చూసి ఆగాడు. అందరూ ఆమె అరుస్తుందనే అనుకున్నారు. రమ అయితే అరుపు కోసం భుజాలు బిగించుకుంది.

భద్రమ్మ అరవలేదు. ఫొటో వంక తిరిగి, "అయితే నా బిడ్డ వస్తలేదా?" అంది.

లక్ష్మీనర్సమ్మ గిలాసను రెండు చేతులతో పట్టుకుంది.

"ఒక్కనాడు గూడ?"

ఒక్క అబద్ధం చెబితే సరిపోయేది. రమకైతే అది నోటిదాకా వచ్చింది. లక్ష్మీనర్సమ్మ వియ్యపురాలి పక్కన మెల్లగా కూలబడింది. "లేదొదినా. నేను గూడ సూసిన. రాలే."

భద్రమ్మ ఆమె చేతిలోంచి గిలాస తీసుకుంది. లోపలికి చూసింది. చుక్కల అక్షరాలమీద బొటనవేలు నడిపింది. ఏడవలేదు. "బస్సుల ఒస్తుంటే అనుకున్న," అంది. "ఏం మాట్లాడాలె, ఏం అడగాలె అని. కిటికి పక్కన సీటు దొరికింది. అన్ని మంచిగనే అనుకున్న."

సింధూజ సంచి భుజం మీంచి దానంతటదే జారి కింద పడింది. పిల్ల దాన్ని తీయలేదు. అలాగే వచ్చి అమ్మమ్మ ఒళ్లో కాదు, నాయనమ్మ ఒళ్లో కాదు, ఇద్దరి మధ్య ఉన్న ఇరుకులో కూర్చుంది. ఆ పూట తీసుకుపోయే మాట మళ్లీ రాలేదు. సాయంత్రం రమ సంచిలోని గౌన్లు తీసి దులిపి దండెం మీద వేస్తుంటే, భద్రమ్మ చూస్తూ కూర్చుని, "ఆ నీలంది కిందికి గుంజు బిడ్డా, అంచు ముడత పడ్తాంది," అంది. అంతే.

మర్నాడు మధ్యాహ్నం రమ నిమ్మకాయలు దొర్లించింది, అడ్డంగా కోసింది. చక్కెర రసంలో కరిగేదాకా చెంచా తిప్పుతూ ఉంది. అత్త ఉప్పు గిలాసలో, నరహరి అటు తిరిగినప్పుడు, అర చెంచా చక్కెర పడేసింది. చెంచా చప్పుడు వినగానే లక్ష్మీనర్సమ్మ కండె మీది చూపు ఎత్తలేదు గానీ మూతి మాత్రం నవ్వుతో ఒక పక్కకు పోయింది.

ఇక మిగిలింది అఖిల గిలాస. కడిగి బోర్లించి ఉంది. పెట్టాలా, వద్దా? ఎవరూ చెప్పలేదు. అత్త నూలు వంక చూసింది. భద్రమ్మ గోడ వంక చూసింది. రమ గిలాసను తిప్పి, అంచుదాకా నింపి, రెండు చేతులతో పట్టుకుని గూట్లో పెట్టింది.

బువ్వలు తిని అందరూ మగ్గం అర్రలోనే వరసగా పడుకున్నారు. నరహరి మగ్గం దగ్గరే గోడవైపు తిరిగి తువ్వాలు మొహంమీద కప్పుకున్నాడు. లక్ష్మీనర్సమ్మ కండ్లు మూసుకుంది. ఆమె పక్కన భద్రమ్మ కండ్లమీద మోచెయ్యి పెట్టుకుంది. సింధూజ కాలు తెచ్చి రమ నడుము మీద వేసి, కనురెప్పలు ముడతలు పడేంత గట్టిగా మూసింది. నిద్ర ఎవరికీ పట్టలేదని ఊపిళ్లను బట్టే తెలుస్తోంది. అయినా ఒక్కరూ కదలలేదు. ఎవరైనా చూస్తారేమోనని రావడానికి జంకే మనిషి కోసం అందరూ కలిసి చూపు తిప్పుకున్నట్టుంది.

రమ కూడా కండ్లు మూసుకుంది. వీధిలో వడగాలి తిరుగుతోంది. చాలాసేపటికి గూట్లో బండమీద స్టీలు తగిలిన చిన్న చప్పుడైంది.

పిల్ల కాలు ఆమె నడుము మీదే ఉంది. ఆ కాలిమీద చెయ్యి వేసి, ఇంకా గట్టిగా కండ్లు మూసుకుంది.